‘మేడం, గోలీ ఇయ్యరా?’: గురుకులం సిక్ రూమ్‌లో పిల్లల మనసు చూసుకునే పద్ధతి

సాయంత్రం స్నాక్స్ పెట్టాక, స్టడీ అవర్ గంట కొట్టేలోపు ఓ అరగంట ఉంటుంది. గురుకులాల్లో పనిచేసే నర్సులందరికీ ఆ అరగంట సంగతి తెలుసు. సిక్ రూమ్ గుమ్మం ముందు పది పదిహేను మంది వరస కట్టేస్తారు. ఒకరికి తలనొప్పి, ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి ‘ఏమో మేడం, ఎట్లనో అయితుంది’. అందరిదీ చివరికి ఒకటే మాట: ‘మేడం, గోలీ ఇయ్యరా?’

వీళ్లలో కొందరికి గోలీ అక్కర్లేదు. గుమ్మం దాటి లోపలికి రావడానికి ఓ కారణం కావాలి, అంతే. ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పడానికి పదకొండేళ్ల పిల్లకు మాటలు దొరకవు, కడుపునొప్పి దొరుకుతుంది. అది దొంగ నొప్పి కూడా కాదు. దిగులు పడితే కడుపు నిజంగానే నొస్తుంది, పరీక్ష ముందురోజు మనకు నొచ్చినట్టే.

నేను రాస్తున్నది గురుకులాల్లో స్టాఫ్ నర్సుల కోసం, కస్తూర్బా విద్యాలయాల్లో ఏఎన్ఎంల కోసం. డే స్కూల్లో పనిచేసేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. ఇది డిప్రెషనా, ఇంకొకటా అని తేల్చడం మన పని కాదు. గమనించడం, అడగడం, రాయడం, సరైన చోటికి చేర్చడం, తిరిగొచ్చాక కనిపెట్టుకుని ఉండటం మన పని. ఈ ఐదూ చేస్తే చాలా చేసినట్టే.

ముందు ఒంటిని చూడండి

మనసు గురించి నాలుగు ట్రైనింగులు అయ్యాక మనలో ఒక జబ్బు మొదలవుతుంది: ప్రతి తలనొప్పినీ టెన్షన్ అనేయడం. అలా అనేస్తే సైనసైటిస్ మిగిలిపోతుంది, కళ్లద్దాలు కావాల్సిన పిల్ల మిగిలిపోతుంది. జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్ చూడండి. నీరసం, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం కనిపిస్తే హిమోగ్లోబిన్ చూడండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. నెలసరి ఎప్పుడొచ్చిందో, ఎన్ని రోజులుందో అడగండి. థైరాయిడ్ అనుమానముంటే పీహెచ్‌సీకి రాసివ్వండి. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటోంది, పళ్లెంలో ఎంత వదిలేస్తోంది అన్నవి మాత్రం పిల్లను కాదు, పక్క మంచం పిల్లను, మెస్‌లో వడ్డించే ఆయమ్మను అడగాలి. సరైన జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఒంట్లో ఏమీ తేలకపోతే ‘నీకేం లేదు పో’ అనకండి. ‘పరీక్షల్లో ఏమీ కనబడలేదు, కానీ నొప్పి ఉందని నువ్వు చెబుతున్నావు కదా, రేపు మళ్లీ చూద్దాం’ అనండి. రేపు మళ్లీ రమ్మనడమే సగం వైద్యం.

రిజిస్టర్‌లో రెండు గడులు కలపండి

మన ఓపీ రిజిస్టర్‌లో తేదీ, పేరు, తరగతి, బాధ, ఇచ్చిన మందు ఉంటాయి. ఇంకో రెండు గడులు గీయండి. ‘టైం’ ఒకటి, ‘అప్పుడు ఏ పీరియడ్’ ఒకటి. నెలాఖరున ఒక గంట కూర్చుని, ఎక్కువసార్లు వచ్చిన పేర్లు తీసి చూడండి.

ఒకసారి అలా చూస్తుంటే ఆరో తరగతి పిల్ల ఒకతె తేలింది. దసరా సెలవుల నుంచి వచ్చాక తొమ్మిదిసార్లు ‘జలుబు మేడం’ అని వచ్చింది. తొమ్మిదిసార్లూ తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలోనే, పీటీకి ముందు. చలికాలం కదా, జలుబేమో అనుకుని సిట్రజిన్ ఇస్తూ పోయాను. టైం గడి చూశాక మర్నాడు ఐదింటికి లేచి డార్మిటరీ వైపు వెళ్లాను. ఆ పిల్ల బాత్రూంలో చన్నీళ్లతో దుప్పటి తడిపేస్తోంది. మొత్తం తడిపేస్తే ఎక్కడ పాడైందో తెలియదని. చేతులు కొంకర్లు పోతున్నాయి.

పెంచిన నానమ్మ దసరాకి చనిపోయింది. అమ్మానాన్నలు బొంబాయిలో కూలి. ఐదేళ్ల క్రితం పోయిన అలవాటు, పక్క తడపడం, మళ్లీ వచ్చింది. మూత్రపరీక్ష, షుగర్ చేయించాను, మలబద్ధకం ఉందేమో అడిగాను. ఇన్ఫెక్షనూ షుగరూ కూడా ఇలాగే బయటపడతాయి, కాబట్టి ఇవి వదిలెయ్యకూడదు. ఏమీ లేవు. తర్వాత చేసినవి చాలా చిన్న పనులు. రాత్రి పదిన్నరకు రౌండ్‌కి వెళ్లినప్పుడు లేపి బాత్రూంకి పంపడం, బీరువాలో ఇంకో దుప్పటి పెట్టి తాళంచెవి తనకే ఇవ్వడం, వారానికి రెండుసార్లు సిక్ రూమ్‌లో దూది ఉండలు చుట్టించే వంకతో కూర్చోబెట్టి నానమ్మ గురించి మాట్లాడనివ్వడం. తగ్గడానికి సంక్రాంతి దాటింది. ఎవరికీ తెలియలేదు, అది ముఖ్యం.

రిజిస్టర్‌లో ఇలాంటివి ఇంకా కనబడతాయి. గురువారం లెక్కల పీరియడ్‌కి ముందే వచ్చే తలనొప్పి. తల్లిదండ్రులు వచ్చి వెళ్లే ఆదివారం సాయంత్రం వాంతులు. జూన్, జూలైల్లో ఐదో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల ఏడుపు. ఈ చివరిది చాలావరకు ఇంటి బెంగ, నెలా రెండు నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా తిండి మానేసినా, గోడ దూకి వెళ్లిపోవాలని చూసినా బెంగ అనుకుని ఊరుకోకూడదు.

టీచర్లకూ హౌస్ టీచర్లకూ ఒక మాట చెప్పి ఉంచండి: అల్లరి చేసే పిల్ల కంటే, ఉన్నట్టుండి అల్లరి మానేసిన పిల్లను నాకు చూపించండి అని.

మాట్లాడే చోటు, మాట్లాడే తీరు

సిక్ రూమ్‌లో ప్రైవసీ ఎక్కడ తల్లీ అంటారు. నిజమే. నాలుగు మంచాలు, ఒక బల్ల, తలుపు దగ్గర వరస. మంచాల మధ్య పాత చీర కట్టి తెర చేయొచ్చు. లేదంటే ఆ పిల్లను అందరూ వెళ్లాక రమ్మనొచ్చు. ఆవరణలో వేపచెట్టు కింద అరుగుంటే ఇంకా మంచిది. దూరం నుంచి అందరికీ కనబడతారు, మాటలు మాత్రం వినబడవు.

ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ ‘చెప్పు, ఏమైంది’ అంటే విచారణలా ఉంటుంది. పక్కన కూర్చోండి. చేతికి పని ఇవ్వండి. ‘ఎందుకు’ అన్న మాట తగ్గించండి. ‘ఎందుకేడుస్తున్నావ్’ బదులు ‘ఎప్పటి నుంచి ఇట్ల అనిపిస్తోంది?’ అనండి. ఆమె మాట ఆగిపోతే ఆగనివ్వండి. ‘మీ అమ్మానాన్న ఎంత కష్టపడి చదివిస్తున్నారో తెలుసా’ అనే వాక్యాన్ని మాత్రం సిక్ రూమ్ గుమ్మం బయటే వదిలేయండి. ఆ సంగతి పిల్లకు మనకంటే బాగా తెలుసు. చాలాసార్లు ఆ బరువే ఆమె జబ్బు.

రహస్యం గురించి మొదటే చెప్పాలి: ‘నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. కానీ నీ ప్రాణానికి ప్రమాదమన్నా, నిన్నెవరైనా ఇబ్బంది పెడుతున్నారన్నా నేను ఒకరిద్దరికి చెప్పాలి. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతా.’ ‘ఎవరికీ చెప్పను, ఒట్టు’ అనకండి, నిలబెట్టుకోలేరు.

ఈ విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఇంట్లో నాన్న తాగి కొడుతున్నాడని చెప్పుకుంటే, జాలితో అప్పటి వార్డెన్‌కి చెప్పాను. ఆ సాయంత్రమే స్టడీ అవర్‌లో ‘ఇంటి గొడవలు నర్సుకు చెప్పుకునేంత తీరిక ఉందా నీకు’ అన్న మాట పడింది, అరవై మంది ముందు. ఆ పిల్ల మళ్లీ మూడు నెలలు సిక్ రూమ్ ముఖం చూడలేదు, జ్వరమొచ్చినా. అప్పట్నుంచి ఎవరికైనా చెప్పాల్సి వస్తే, వాళ్లు చేయాల్సిన పని వరకే చెబుతాను. ‘ఈ పిల్లను రెండు వారాలు నిలబెట్టి ప్రశ్నలు అడగొద్దు’ అన్నది చాలు టీచర్‌కి. కారణం అక్కర్లేదు.

లైంగిక వేధింపు సంగతైతే ఇందులో మనకు ఛాయిస్ లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే శిక్ష ఉంది. ‘స్కూలు పరువు’ అని ఎవరు ఆపబోయినా ఆగకండి. చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. పిల్ల చేత కథంతా పదే పదే చెప్పించకండి, బట్టలు మార్పించకండి, కడిగించకండి. ఆమె చెప్పిన మాటల్ని ఆమె మాటల్లోనే రాసిపెట్టుకోండి.

చచ్చిపోవాలని ఉందా అని అడగడం

చాలామంది నర్సులు ఇక్కడే తడబడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. అలా పుట్టదు. ఉన్న ఆలోచనను ఒకరితో పంచుకునే వీలు దొరుకుతుంది, అంతే. చుట్టూ తిప్పకుండా, గొంతు మామూలుగా పెట్టి అడగండి. నేను అడిగే వరస ఇది:

‘బతకడమే విసుగ్గా ఉందా?’
‘చచ్చిపోతే బాగుండు అనిపించిందా?’
‘ఎట్ల అని ఏమైనా అనుకున్నావా?’
‘ఇంతకు ముందు ఎప్పుడైనా అట్ల చేసుకున్నావా?’
‘ఇప్పుడు, నా పక్కన కూర్చున్నప్పుడు కూడా అట్లే ఉందా?’

‘పిచ్చిపిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని మాత్రం అడగకండి. అలా అడిగితే ఎవరైనా లేవనే అంటారు.

అవునని జవాబొస్తే ముందు మీ ముఖం మారకూడదు. ‘చెప్పి మంచి పని చేసినవ్’ అనండి. ఆ తర్వాత వరసగా:

ఒంటరిగా వదలకండి, బాత్రూంకి వెళ్లినా సరే. తోడు కూర్చోవాల్సింది పెద్దవాళ్లు. ‘నువ్వు దీన్ని చూసుకో’ అని స్నేహితురాలికి అప్పగించడం మన హాస్టళ్లలో మామూలైపోయింది. పద్నాలుగేళ్ల పిల్ల నెత్తిన అంత బరువు పెట్టకూడదు.

ఆమె పెట్టెలో, సంచిలో, మంచం దగ్గర ప్రమాదమైనవి ఏమున్నా ఆమెకు చెప్పి, ఆమె ముందే తీసేయండి. దాచుకున్న మాత్రలుంటే అవి కూడా.

ప్రిన్సిపల్‌కు నోటితోనూ, కాగితం మీదా చెప్పండి. కాగితం మీద టైం వేయండి.

ఆలోచన ఇప్పుడూ ఉందన్నా, ఎలా అన్నది తేల్చుకుని ఉన్నా, లోగడ ప్రయత్నం చేసి ఉన్నా అది ఆ రోజే ఆసుపత్రి కేసు. రేపు కాదు, ఆదివారం అమ్మానాన్న వచ్చాక కాదు. ఏదైనా మింగిందన్న అనుమానముంటే, పిల్ల బాగానే కనబడుతున్నా, 108. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోకండి. మింగినదాని అట్టో, సీసానో దొరికితే వెంట పంపండి.

పోలీసు కేసవుతుందని బడులు భయపడతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాసుకోవచ్చు, అది వాళ్ల పద్ధతి. ఆ రాతకు భయపడి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లకపోవడమే నేరం లాంటిది.

‘ఇంటికి పంపేయండి, మనకెందుకు’ అనే మాట తప్పకుండా వినబడుతుంది. చూపించకుండా, ఏమీ చెప్పకుండా ఇంటికి పంపడమంటే ప్రమాదాన్ని మన గేటు దాటించడమే. ఇంటికి వెళ్లాల్సి వస్తే డాక్టర్ చూశాకే వెళ్లాలి. ఇంట్లో పురుగుల మందు తాళంలో పెట్టాలని పెద్దవాళ్లకు విడమరిచి చెప్పాలి. వ్యవసాయం ఇళ్లలో ఇది మర్చిపోతాం.

చేతి మీద బ్లేడు గీతలతో వచ్చే పిల్లలు వేరు. అందరికీ చావాలని ఉండదు. కొందరు లోపలి ఉక్కిరిబిక్కిరి తగ్గించుకోవడానికి అలా చేస్తారు. అయినా పై ప్రశ్నలు అడగాల్సిందే. ముందు గాయం కడగండి, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి చూడండి, మందు పూయండి, మాట తర్వాత. మిగతా పిల్లల చేతులన్నీ లైన్లో నిలబెట్టి చెక్ చేయించే ఆలోచన ఎవరికైనా వస్తే అడ్డుపడండి. మర్నాటి నుంచి గీతలు కనబడని చోటికి మారతాయి, అంతకు మించి ఏమీ జరగదు.

ఒకరి వెనక ఒకరు పడిపోతున్నప్పుడు

ఆడపిల్లల హాస్టళ్లలో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక పిల్ల ఊపిరాడటం లేదని పడిపోతుంది, పది నిమిషాల్లో ఆరుగురు. వీడియోలు, గాలి సోకిందన్న మాటలు, గేటు దగ్గర తల్లిదండ్రులు.

ముందు నిజమైన కారణం లేదని తేల్చుకోవాలి. అందరూ ఒకే తిండి తిన్నారా, వాంతులు, విరేచనాలు ఉన్నాయా, దగ్గర్లో పొగ గానీ, మందు వాసన గానీ ఉందా, ఆక్సిజన్ ఎంతుంది, పిల్లికూతలు ఉన్నాయా. అనుమానముంటే పీహెచ్‌సీ డాక్టర్‌ను పిలవాల్సిందే. మూర్ఛ (ఫిట్స్) మొదటిసారి వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా 108. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఇవేవీ కాదని తేలితే గుంపును విడదీయడమే మందు. పడిపోయినవాళ్లను ఒకే గదిలో వరసగా పడుకోబెడితే ఆరుగురు పదిహేను మంది అవుతారు. వేర్వేరు గదులు, ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి, తక్కువ మాటలు. వేగంగా ఊపిరి పీల్చే పిల్ల పక్కన కూర్చుని మీరే నెమ్మదిగా ఊపిరి వదలండి, ఆమె మీ లయలోకి వస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం. కాగితం సంచి ముఖానికి పెట్టే పాత పద్ధతి వద్దు. ‘నాటకాలు’ అనే మాట అసలు వద్దు. వాళ్లకు జరిగేది వాళ్ల చేతుల్లో లేదు. అంతా సద్దుమణిగాక, మొదట పడిపోయిన పిల్ల దగ్గరికి వెళ్లండి. కథ చాలాసార్లు అక్కడ ఉంటుంది.

ఇంట్లోవాళ్లతో

ఫోన్‌లో ‘మీ అమ్మాయికి మానసిక సమస్య’ అన్నారంటే అవతల వినబడేది ‘పిచ్చి’ అన్న ఒక్క ముక్కే. రేపు సంబంధాలు రావని తల్లికి గుబులు. అందుకే కళ్లకు కనబడిన సంగతులు చెప్పండి: ‘అమ్మా, మూడు వారాల నుంచి పాప రాత్రిళ్లు పడుకోవట్లేదు, అన్నం సగం వదిలేస్తోంది, ఏడుస్తోంది. డాక్టర్‌కు చూపిద్దాం, మీరు కూడా రండి.’ జబ్బు పేరు డాక్టర్ చెబుతారు.

తాయెత్తు కట్టిస్తామంటారు. నేను వాదించను. ‘కట్టించండమ్మా, డాక్టర్ దగ్గరికి కూడా పోదాం, రెండూ కానీ’ అంటాను. వాదనకు దిగితే పిల్ల ఆసుపత్రికి వెళ్లదు, తాయెత్తు మాత్రం పడుతుంది. కొట్టడం, పొగ పెట్టడం, గొలుసుతో కట్టడం లాంటివైతే మాత్రం గట్టిగా కాదనాలి.

ఎక్కడికి పంపాలన్నది ముందే రాసి పెట్టుకోవాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో ఉంటారో ఫోన్ చేసి కనుక్కోండి. మెడికల్ కాలేజీ దగ్గరుంటే అక్కడి సైకియాట్రీ ఓపీ. పెద్ద అవసరానికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు. ‘ఎర్రగడ్డ’ పేరు తిట్టుగా వాడే ఊళ్లు మనవి, కాబట్టి ఆ మాట తల్లిదండ్రుల ముందు ఎలా తేవాలో ఆలోచించుకుని తేవాలి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని నర్సు కూడా చేయొచ్చు. నేను చేశాను.

కౌన్సెలర్ కావాలని ప్రిన్సిపల్‌కు అర్జీ రాసేటప్పుడు ఈ సంగతి జతచేయండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్‌ గానీ, సైకాలజిస్ట్‌ గానీ, సోషల్ వర్కర్‌ గానీ ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్దగా రాయాలి. 640 మందికి ఒక్క నర్సున్న మా బడి లాంటి చోట్ల ఆ ఒక్క కాగితం కొంచెం పని చేస్తుంది.

మందులతో తిరిగొచ్చిన పిల్ల

మందులు మీ తాళంలో ఉండాలి, మీ ఎదురుగా మింగాలి. పెట్టె మీద జబ్బు పేరు రాయొద్దు. వరసలో నిలబెట్టి ఇవ్వొద్దు, నీళ్ల బాటిల్ నింపుకోవడానికి వచ్చే వంక పెట్టండి. డిప్రెషన్ మందులు పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, అస్థిమితం పెరుగుతున్నాయా, చావు ఆలోచనలు వస్తున్నాయా అని కనిపెట్టుకుని చూడాలి. ఉంటే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పిల్ల నవ్వుతోంది కదా అని ఇంట్లోవాళ్లు సెలవుల్లో మందు ఆపేస్తారు. సెలవులకు వెళ్లేటప్పుడే రోజులు లెక్కగట్టి పొట్లాలు కట్టివ్వండి, తిరిగొచ్చిన రోజు ఖాళీ పొట్లాలు చూడండి.

తోటిపిల్లలు అడుగుతారు. ఏం చెప్పాలో ఆ పిల్లనే అడగండి. ఒకమ్మాయి ‘కడుపులో పుండని చెప్పండి మేడం’ అంది. అలాగే చెప్పాను.

తాళం

ఒక విషయం మనల్ని మనమే అడగాలి. సిక్ రూమ్ బీరువాకి ఇప్పుడు తాళం ఉందా? వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు బలానికని తేలిగ్గా చూస్తాం. అవీ, పారాసిటమాలూ ఎక్కువైతే ప్రాణం మీదికొస్తాయి. లెక్క రాయండి. ఐరన్ మాత్ర ఎదురుగానే మింగించండి, చేతికిచ్చి పంపకండి. ‘మేడం బిజీగా ఉన్నారని’ క్లాస్ లీడర్‌కు తాళంచెవి ఇచ్చే అలవాటుంటే ఈ రోజే మానేయండి. మీరు సెలవు పెడితే చెవి ఎవరి దగ్గరుంటుందో, ఏ పిల్లల మీద కన్నేసి ఉంచాలో ఒక చీటీలో రాసి, ఆ ఒక్కరికే ఇవ్వండి.

బీరువా తలుపు లోపలివైపు 108, 14416, 1098, పీహెచ్‌సీ డాక్టర్, ప్రిన్సిపల్ నంబర్లు రాసి అంటించండి. రాత్రి కరెంటు పోయినా టార్చి వెలుతుర్లో కనబడేంత పెద్దగా.